తీసివేత పద్దు

ఫారంలో ఆరో గడి ఖాళీగా ఉంది.
"పరిశోధన ప్రభావం, అంకెల్లో."
తుర్కు నగరంలో మార్చి నెల.
ఔరా నది మీద మంచు ఇంకా మనిషి బరువు మోస్తోంది.
నేను లైబ్రరీ గుమస్తాని.
ఔనె రౌతలహ్తి గారి నలభై ఏళ్లని
శుక్రవారంలోగా ఆ గడిలో పట్టించాలి.

పత్రాలు ముప్పై ఎనిమిది.
హెచ్-ఇండెక్స్ పదహారు.
ఇంతేనా అనిపించింది, నిజమే చెబుతున్నా.
పక్కగది ఇల్మరి ముప్పై రెండేళ్లకే నలభై దాటించాడు,
తలుపు మీద రాసుకోలేదు గాని
కాఫీ యంత్రం దగ్గర నాలుగుసార్లు చెప్పాడు.

ఆ ముప్పై ఎనిమిదిలో ఒక్కటి విరగకాసింది:
రెండువేల మూడువందల పదకొండు సైటేషన్లు.
అది దుమ్ము గురించి.
మన పాలపుంతలో తేలే చల్లని దుమ్ము
ఏ దిక్కున ఎంత మందాన ఉందో
ఆకాశమంతటికీ పద్దు రాసింది,
తొమ్మిది చలికాలాలు పట్టిందట.

ఎవరు ఏమని తలుచుకున్నారో చూద్దామని
ఒక మధ్యాహ్నం వంద పత్రాలు తెరిచాను.
సాంటియాగో, క్యోటో, కేప్‌టౌన్,
ఊళ్లు వేరు, వాక్యం ఒక్కటే:
"రౌతలహ్తి పటాన్ని బట్టి దుమ్మును తీసివేశాం."
తీసివేశాం.
తీసివేసిన పిమ్మట.
పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్ల వెలుతురును
చూడాలనుకున్న ప్రతివాళ్లూ
ముందు ఆమెను చెరిగి
ఊకలా పక్కన పోశారు.

మనసు ఆగక ఆమె గదికి వెళ్లాను.
ఉన్ని మేజోళ్లతో బల్ల మీద కూర్చుని
రై రొట్టె మీద ఊరవేసిన దోసకాయ పెట్టుకు తింటోంది.
చుట్టూ అట్టపెట్టెలు.
చెప్పాను.
ముక్క నోట్లో ఉండగానే నవ్వింది.

"మా అమ్మ ఓడల్లో కిటికీలు తుడిచేది.
సముద్రం బాగుందనేవారు ప్రయాణికులు.
అద్దం బాగుందని ఒక్కరన్నా అంటే
ఆ రోజు మరక మిగిలిపోయిందన్నమాట."

తరువాత కాసేపు ఏమీ అనలేదు.
దోసకాయ వాసన, రేడియేటర్ చప్పుడు.

"అయినా ఒకసారి ఏడ్చాను.
ఒక పెద్ద బృందం, రెండువందల మంది,
నా పటం వాడుకుని పేపర్లకెక్కారు.
నలభై ఒకటో పాదసూచికలో నా పేరు.
అందులో అక్షరం ఒకటి పోయింది, రౌతలతి.
తరువాతి వాళ్లంతా అక్కణ్ణించే ఎత్తి రాసుకున్నారు.
చూడు, యంత్రంలో ఆవిడ వేరే మనిషి.
పత్రాలు సున్నా, సైటేషన్లు నూట తొంభై.
నాకంటే నయం కదా!"

పోయేముందు అడిగాను,
మీకు ఇష్టమైనదేది అని.
పెట్టె అడుగు నుంచి ఇరవై రెండోది తీసింది.
దాన్ని ఇప్పటిదాకా ఎవరూ ఉటంకించలేదు.
"ముగ్గురు చదివారు.
ఒకడు అచ్చు కూర్చేవాడు, తాంపెరె మనిషి.
నాలుగో పేజీలో ప్లస్సు ఉండాల్సిన చోట మైనస్సు పడిందని
పోస్టుకార్డు రాశాడు.
వాడు చెప్పిందే సరి."
కార్డు ఇంకా ఆ పేజీలోనే ఉంది,
బిళ్ల మీద రంగు వెలిసిన హంస.

శుక్రవారం సాయంత్రం ఆరో గడి నింపాను.
ఎవరినీ అడగకుండా
ఆ రెండో మనిషివి నూట తొంభై కూడా కలిపాను.
రెండువేల ఐదువందల ఒకటి.
చేతిరాత ఎందుకో కొంచెం పెద్దదిగా వచ్చింది.

సోమవారం ఫారం వెనక్కి వచ్చింది.
అంచున ఎర్ర సిరాతో ఒక ముక్క:
"లెక్క తేడా వస్తోంది.
నూట తొంభై తీసివేయగలరు."

నది మీద మంచు పగిలే చప్పుడు
ఇక్కడికి వినిపిస్తోంది.
పెన్ను మూత నేనింకా తీయలేదు.